మైళ్ల మావయ్య

1962లో ఫ్రెంచి పాలిత ప్రాంతాలను భారత్‌లో కలిపే విలీన ఒప్పందం అమల్లోకొచ్చాక యానాంలో కొందరు ఫ్రెంచి పౌరసత్వాన్నే ఉంచుకున్నారు. వాళ్ల పిల్లలూ మనవలూ పారిస్ చేరారు. అలాంటి ఇంటి పెద్దదిక్కే మైళ్ల మావయ్య. ఊరికి రైలు లేదు, విమానమెక్కాలంటే రాజమండ్రి దాకా పోవాలి; అయినా ఎయిర్ ఫ్రాన్స్ 'ఫ్లయింగ్ బ్లూ' ఖాతాలో తన మైళ్లెన్నో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మైళ్లుగా మారే పాయింట్ల కోసం పక్కింటివాళ్లు ఫ్రిజ్ కొంటే తన కార్డు గీకి, వాళ్ల దగ్గర నగదు పుచ్చుకుంటాడు. యానాంలో పెట్రోలు చవకే గానీ చాలా కార్డులు పెట్రోలుకు పాయింట్లివ్వవు. ఆయన దృష్టిలో ఇంతకు మించిన అన్యాయం లేదు. విమానసంస్థ ఏ అర్ధరాత్రో గుట్టుగా మైళ్లకిచ్చే సీట్లు వదులుతుందనీ, మేలుకున్నవాడిదే సీటనీ ఆయన గట్టి నమ్మకం.

మేలుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. 1972లో బ్రిటన్ విమానసంస్థ బీఓఏసీ ఉద్యోగి కెన్ లిటిల్‌వుడ్ ఒక సూత్రం చెప్పాడు: ఆఖర్లో పూర్తి ధర పెట్టేవాడు వచ్చే అవకాశమెంతో, దాన్ని వాడిచ్చే డబ్బుతో గుణించు, చేతిలో ఉన్న చవక బేరం అంతకు తగ్గకపోతేనే ఒప్పుకో. మైళ్ల సీటు ఆ బేరాల్లో అట్టడుగుది. అందుకే పాత ఏళ్ల అమ్మకాలు చూసి, మిగిలిపోతుందని తేలిన సీటే తెరుస్తారు. టికెట్లు చురుగ్గా పోతుంటే తెరిచింది మూసేస్తారు. వరద గోదారిలో పులస పడిన రోజున, బేరగాళ్లు గట్టున నిలబడుండగా చుట్టానికి ఊరికే ఇచ్చేవాడెవడు? ఆ సంగతి యానాంలో పుట్టిన మావయ్యకు ఒకరు చెప్పాలా! విమానసంస్థ దగ్గరికొచ్చేసరికి మాత్రం తానే చుట్టమనుకుంటాడు.

'ఆయ్, అర్ధరాత్రి సీట్లు దొరికినోళ్లు లేరాండీ?' అంటాడు. ఉన్నారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ లాంటివి తమ విమానాల్లో కొన్ని సీట్లు 355 రోజుల ముందే మైళ్లకిస్తామని మాటిచ్చాయి. తేదీ మారగానే అవి తెరుచుకుంటాయి, కానీ అది బాహాటంగా చెప్పిన మాట, గుట్టేమీ లేదు. పైగా అందరూ ఎగబడే తేదీలకు ఆ కాసినీ ఎంతసేపు నిలుస్తాయి? ఇక ఆయన నమ్ముకున్న ఫ్లయింగ్ బ్లూ 2018లోనే స్థిరమైన మైళ్ల పట్టికను ఎత్తేసింది. గిరాకీ పెరిగితే అడిగే మైళ్లూ పెరుగుతాయి. అంటే సీటు దాచిపెట్టే అవసరమే తగ్గింది, ధరే కాపలా కాస్తుంది. మావయ్యకు కావలసింది పారిస్ బడుల వేసవి సెలవులు, లేదా సంక్రాంతి. ఫిబ్రవరిలో ఏ మంగళవారానికో చూడండని ఎవరైనా సలహా ఇస్తే, ఆ చలిలో పారిస్ ఎవడెళ్తాడండీ అని కసురుకుంటాడు. సీట్లు అప్పుడు ఎందుకు మిగులుతాయో అంతకంటే సూటిగా లిటిల్‌వుడ్ కూడా చెప్పలేదు.