విసిరేస్తారా, చేతికందిస్తారా?

తుపాకీ పేలగానే అందరి కళ్లూ గురి వైపు పరుగెత్తుతాయి. గుండు తగిలిందా లేదా అన్నదే లోకానికి కావాలి. ఆ గుండును అప్పటిదాకా మోసి, దాన్ని సాగనంపి, వేడెక్కిన ఒంటితో గొట్టంలోనే మిగిలిపోయేది నేను. ఇత్తడి డొల్లను. రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు కలిసిన ఒళ్లు నాది. మా వంశాన్ని 45-70 అంటారు. 1873లో అమెరికా సైన్యం తన స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ కోసం మా మూలపురుషుల్ని తయారుచేయించింది. గుండు వ్యాసం అంగుళంలో నూటికి 45 వంతులు, నల్లమందు తూకం 70 గ్రెయిన్లు. పేరు అలా వచ్చింది. సీసపు గుండు బరువు మొదట్లో 405 గ్రెయిన్లు ఉండేది.

నా అడుగున చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన అంచు ఒకటి ఉంది. చూడ్డానికి చిన్నదే గానీ నా బతుకంతా దాని మీదే నడిచింది. మందు అంటుకోగానే నా గోడలు ఉబ్బి, తూటా కూర్చునే చాంబర్ గోడలకు అతుక్కుంటాయి. అలా అతుక్కోబట్టే నిప్పూ పొగా వెనక్కి తన్ని కాల్చినవాడి ముఖాన పడవు. ఒత్తిడి దిగిపోగానే వెంట్రుకవాసి ముడుచుకుంటాను. ఆ వెంట్రుకవాసి సందులోంచే నేను బయటపడాలి. నేను తాకిన రైఫిళ్లన్నీ ఒకసారికి ఒక్క తూటా మాత్రమే పట్టేవి. మ్యాగజీన్ ఉండదు. నేను బయటికొస్తే తప్ప ఇంకో తూటాకి చోటుండదు.

బయటికి తేవడానికి దారులు రెండు. ఎక్స్‌ట్రాక్టర్ అనే కొక్కెం నా అంచు పట్టుకుని కొద్దిగా వెనక్కి లాగి ఆగుతుంది, మిగతా పని మనిషి వేళ్లది. ఎజెక్టర్ అయితే ఆ లాగుడు అయ్యాక స్ప్రింగ్ విడిచిపెట్టి నన్ను గాల్లోకి విసిరేస్తుంది. ఏది మేలు అని తుపాకీవాళ్లు తరాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు.

నా మొదటి యజమాని మోంటానా రాష్ట్రంలో ఒక ముసలాయన. 1874 నాటి షార్ప్స్ నమూనాలో కొత్తగా చేసిన రైఫిల్ ఆయనది. నల్లమందుతో ఇనుప బొమ్మలను పడగొట్టే పోటీలకు వెళ్లేవాడు. 200 మీటర్ల దగ్గర కోడి, 300 దగ్గర పంది, 385 దగ్గర టర్కీ కోడి, 500 దగ్గర పొట్టేలు. కోడి తప్ప మిగతావాటిని బోర్లా పడుకుని, కర్రల మీద గొట్టం ఆనించి, ఊపిరి బిగబట్టి కాల్చేవాడు. పేలిన వెంటనే తొందరేమీ ఉండేది కాదు. లీవర్ కిందికి వంచితే చాంబర్‌ను వెనక మూసి ఉంచే బ్లాక్ దిగేది, కొక్కెం నన్ను వెనక్కి జరిపేది. రెండు వేళ్లతో నా అంచు పట్టి తీసి, పక్కనున్న చెక్క దిమ్మెలో నా రంధ్రంలో నన్ను నిలబెట్టేవాడు. తర్వాత ఒక గొట్టం చాంబర్‌లో పెట్టి నోటితో ఊదేవాడు. నల్లమందు మసి ఎండితే గట్టిపడి గురి తప్పిస్తుంది, ఊపిరిలోని తడి దాన్ని మెత్తగా ఉంచుతుంది. ఆ గొట్టం కొసన అమర్చింది నాలాంటి డొల్లనే, అడుగు తొలిచేసి. చచ్చాక కూడా పనికొచ్చే జాతి మాది.

సాయంత్రం సబ్బునీళ్ల డబ్బాలో వేసేవాడు. నల్లమందు మసి ఇత్తడిని తినేస్తుంది, తాత్సారం చేస్తే నల్లబడి గుంటలు పడతాం. కడిగి, ఆరబెట్టి, మా మూతిని అప్పుడప్పుడు మంటకు చూపి మెత్తబరిచేవాడు. కాల్చిన ప్రతిసారీ ఇత్తడి గట్టిపడుతుంది, అలా కాల్చి మెత్తబరచకపోతే మూతి దగ్గర చీలిపోతుంది. ఇంత జాగ్రత్తపడే మనిషికి, డొల్లలను రాళ్ల మీదికి విసిరే స్ప్రింగ్‌తో ఏం పని? విసిరేస్తే మూతి సొట్టపోతుంది. సొట్టపోయిన మూతి గుండును అన్ని వైపులా ఒకేలా పట్టుకోదు, గురి చెడుతుంది. పైగా పక్కన పడుకున్నవాడి మోచేతి కిందికి వేడి ఇత్తడి దొర్లుకుంటూ పోతే మర్యాదగా ఉంటుందా?

ముసలాయన పోయాక మేము ఆయన అక్క కొడుకు చేతికి వచ్చాం. అతనిది ఎజెక్టర్ ఉన్న ఫాలింగ్ బ్లాక్ రైఫిల్. ఒక చాంబర్‌లో ఉబ్బిన డొల్ల ఇంకో చాంబర్‌లో పట్టదు కాబట్టి నన్ను మళ్లీ కొలతకు నొక్కించాడు. అతను వేటగాడు, ఎల్క్ అనే పెద్ద దుప్పుల కోసం మంచులో తిరిగేవాడు. అక్కడ నేను ఎగరడం నేర్చుకున్నాను. లీవర్ దించాడో లేదో భుజం మీదుగా వెనక్కి పోయి మంచులో కూరుకుపోయేదాన్ని. ఒప్పుకోవాలి, వేటలో స్ప్రింగ్‌కి అర్థం ఉంది. మందపాటి తొడుగుల్లో చలికి కొయ్యబారిన వేళ్లు సగం బయటికొచ్చిన డొల్లను పట్టుకోలేక తడబడతాయి. మొదటి గుండు గాయపరిచి వదిలేసిన జంతువు మన వేళ్ల కోసం ఆగదు, రెండో గుండు త్వరగా పడకపోతే అది బాధతో అడవిలో పడి పోతుంది. అలాంటప్పుడు నా మూతి సొట్ట లెక్కలోకి రాదు. తర్వాత మంచులో నన్ను వెతకడానికి అతను పడ్డ పాట్లు వేరే సంగతి.

అయితే అతనికో నమ్మకం ఉండేది: ఎజెక్టర్ ఉంటే డొల్ల ఇరుక్కోదని. చాలామంది అలాగే అనుకుంటారు. నా ఒంటి మీద జరిగిన పని కాబట్టి చెబుతున్నాను, అది తప్పు. ఇరుక్కున్న డొల్లను కదిలించేది లీవర్ బలం. పెనానికి అంటుకున్న అట్టును ముందు అట్లకాడతో నెమ్మదిగా కదిలించాలి, అది విడిపడ్డాకే ఎగరేయగలం. స్ప్రింగ్ పని ఆ ఎగరేయడం వరకే. అతను మందు ఎక్కువ దట్టించిన రోజుల్లో నేను బాగా ఉబ్బి చాంబర్‌ని వదలకపోతే, స్ప్రింగ్ చూస్తూ ఊరుకునేది. లీవర్ మీద అరచేయి బలంగా పడితే గానీ కదిలేదాన్ని కాదు. అమెరికన్ పరిశ్రమ ప్రమాణం నాకు పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 28,000 పౌండ్ల ఒత్తిడి. గట్టి రైఫిళ్లు అంతకన్నా ఎక్కువ ఓర్చుకుంటాయని చెప్పి మనుషులు మందు పెంచుతారు. రైఫిల్ ఓర్చుకుంటుంది సరే, నా సంగతి?

మా పూర్వీకుల చేదు కథ కూడా ఈ ఇరుకుడిదే. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం లకోటా, షయాన్ యోధుల చేతిలో ఓడింది. సైనికుల చేతుల్లో ఉన్నవి 1873 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లు. వాటిలో డొల్లను స్ప్రింగ్‌తో బయటికి తన్నే ఏర్పాటు ఉంది. కానీ అప్పటి డొల్లలు రాగివి, మెత్తటివి. తోలు పట్టీల్లో పెట్టుకుంటే పచ్చటి చిలుము పట్టేది. వేడెక్కిన చాంబర్‌లో అవి అతుక్కుంటే కొక్కెం అంచును చీల్చుకుని బయటికొచ్చేది, డొల్ల లోపలే ఉండిపోయేది. కత్తులతో గీకి తీయాల్సి వచ్చింది. ఆ యుద్ధంలో బతికి బయటపడ్డ మేజర్ రీనో, తన దగ్గరి 380 కార్బైన్లలో 6 ఇలా పనికిరాకుండా పోయాయని పైవాళ్లకు రాశాడు. కస్టర్ ఓటమికి ఇదే కారణమని తర్వాత కథలల్లారు. 1983లో ఆ మైదానంలో గడ్డి తగలబడ్డాక పురావస్తు నిపుణులు మెటల్ డిటెక్టర్లతో వెతికితే, కత్తిగాట్లు ఉన్న డొల్లలు కొన్నే దొరికాయి. ఓటమి నెపం మా మీద మోపడం సులువు, మేము నోరెత్తం కదా. చివరికి ఆ ఇరుకుడికి విరుగుడు స్ప్రింగ్‌లో దొరకలేదు. రాగి పోయి ఇత్తడి రావడంలో దొరికింది.

బ్రిటిష్‌వాళ్ల మార్టినీ-హెన్రీది ఇంకో దారి. అందులో బ్లాక్ కిందికి దిగుతూ ఎక్స్‌ట్రాక్టర్ కాలిని తంతుంది. లీవర్‌ను నెమ్మదిగా దించితే డొల్ల నెమ్మదిగా వస్తుంది, విసురుగా దించితే ఎగిరిపోతుంది. విసరాలా, అందించాలా అన్నది కాల్చేవాడి మణికట్టు నిర్ణయిస్తుంది. నా మనసుకు నచ్చిన ఏర్పాటు అదే.

ఇప్పటి తయారీదారులకూ ఈ సంగతి తెలుసు. స్కాట్లాండ్ వాడు జాన్ ఫార్క్వర్సన్ 1872లో పేటెంటు పొందిన రైఫిల్ స్ఫూర్తితో బిల్ రూగర్ 1967లో తెచ్చిన నంబర్ వన్‌లో ఎజెక్టర్ ఉంటుంది, దాని స్ప్రింగ్ తీసేస్తే ఎక్స్‌ట్రాక్టర్‌గా మారుతుంది. జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంటు పొంది, 1883లో విన్‌చెస్టర్‌కు అమ్మిన రైఫిలే 1885 హైవాల్ అయింది. జపాన్‌లో మిరోకు తయారుచేసే దాని కొత్త రూపంలో డొల్ల కుడికి పోవాలా, ఎడమకు పోవాలా, ఎక్కడికీ పోకుండా చేతికి అందాలా అన్నది మార్చుకోవచ్చు.

అంచులేని తూటాల సంగతి కూడా చెప్పాలి. 308 వంటి వాటికి అడుగున గాడి మాత్రమే ఉంటుంది. నడుము దగ్గర విరిచి తెరిచే ఒంటి తూటా రైఫిళ్లలో వాటిని పట్టడానికి చిన్న స్ప్రింగ్‌తో కదిలే పంజా కావాలి. మసి పట్టినా, అరిగినా అది గాడి తప్పుతుంది. ఈ రైఫిళ్లు వాడేవాళ్లు అంచున్న మమ్మల్నే ఇష్టపడడానికి కారణం ఇదే. ఇక 22 రిమ్‌ఫైర్ డొల్లలున్నాయి, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పోటీల్లో వాడిన రకం. వాటిని మళ్లీ నింపలేరు, కాబట్టి ఎక్కడ పడ్డా ఎవరికీ పట్టదు. వాటి కోసం వాదన అక్కర్లేదు.

నా తీర్పు అడిగితే, డొల్లలను మళ్లీ నింపుకునేవాళ్లకు, నల్లమందుతో పోటీలకు వెళ్లేవాళ్లకు ఎక్స్‌ట్రాక్టరే సరైనది. చలిలో పెద్ద జంతువుల వేటకు వెళ్లేవాళ్లు ఎజెక్టర్ తీసుకోవచ్చు, కానీ ఇరుకుడు పోతుందన్న భ్రమతో కాదు. చాంబర్ శుభ్రంగా ఉంచడం, మందు హద్దులో ఉంచడం రెంటికీ తప్పవు. ఏదీ తేల్చుకోలేకపోతే స్ప్రింగ్ తీసే వీలున్న రైఫిల్ కొనండి, తీయించే పని మాత్రం తెలిసిన మిస్త్రీ చేత చేయించండి.