నార్మలే సార్!

కొత్త ఆటోమేటిక్ కారుకి ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం ముందు పూజ చేయించి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించారంటే గేర్‌బాక్స్‌కి జరగాల్సిన సేవ మొత్తం జరిగిపోయినట్టే. ఇక దాని జోలికి వెళ్లకూడదు. షోరూం వారి సిద్ధాంతం అది. ‘సీల్డ్ యూనిట్ సార్, లైఫ్‌టైమ్ ఆయిల్. మార్చే పనే లేదు.’ ఇంజిన్ ఆయిల్ మార్చాలి, ఏసీ ఫిల్టర్ మార్చాలి, చివరికి వైపర్ రబ్బర్లూ మార్చాలి. ఒక్క గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం అమృతం తాగి పుట్టింది.

ఆ ఆయిల్ చేసే చాకిరీ చూడండి. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ బలాన్ని మోసేది అదే. లోపలి క్లచ్‌లను ప్రెజర్‌తో నొక్కి గేరు మార్పించేదీ, పళ్లు అరక్కుండా కాసేదీ, వేడిని లాగేదీ అదే. ఇక మన జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ సంగతి తెలిసిందే. ఏప్రిల్ ఎండకి కాగిన రోడ్డు మీద జానెడు కదలడం, ఆగడం. ఎత్తు మీద బ్రేకు మరిచి యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే మహానుభావులు అదనం. ఆ వేడికి ఎర్రటి ఆయిల్ నల్లబడుతుంది, క్లచ్ ప్లేట్ల పొడి కలుస్తుంది, దించి చూస్తే మాడు వాసన.

అప్పుడు మొదలవుతుంది రెండు నుంచి మూడుకి మారేటప్పుడు కుదుపు. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే అడ్వైజర్ ట్యాబ్ మీంచి తలెత్తడు. ‘నార్మలే సార్. ఈ మోడల్ అన్నీ ఇంతే.’ మరి రివర్స్ వేశాక రెండు సెకన్లు ఆలోచిస్తోందేం? ‘మీ డ్రైవింగ్ నేర్చుకుంటోంది సార్.’ నేర్చుకుని నేర్చుకుని వారంటీ దాటిన మర్నాడు పట్టా పుచ్చుకుంటుంది. ‘అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్.’ ఆ ఎస్టిమేటుకి పాత మారుతి ఒకటి వస్తుంది.

బీఎండబ్ల్యూ కార్లకి గేర్‌బాక్సులు చేసిచ్చే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్యలో, లేదా 8 ఏళ్లకి, ఆయిల్ మార్చమనే చెప్పింది. చేసినవాడు మార్చమంటాడు, అమ్మినవాడు వద్దంటాడు. అమ్మినవాడికీ ఒకసారి మార్చక తప్పలేదు: 2013లో ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న 16 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. ఎందుకంటారా? అందులో సింథటిక్ ఆయిల్ తీసి మినరల్ ఆయిల్ పోయడానికి. వేడీ తేమా ఉన్నచోట ఆ సింథటిక్ ఆయిల్‌తో కరెంటు లోపాలు వస్తున్నాయట.

అమ్మేవాడి బాధ వేరు. సర్వీసు ఖర్చుల పట్టిక అందంగా ఉండాలి. మొదటి యజమాని ఎలాగూ మూడో ఏటికి జూబ్లీహిల్స్‌లోనే ఏదో సెకండ్‌హ్యాండ్ షోరూంలో వదిలేస్తాడు. కుదుపు రెండోవాడి కర్మ.

ఈసారి సర్వీసుకి వెళ్లినప్పుడు గొడవ పడకండి. ‘ఈ ఆయిల్ ఎప్పటికీ మార్చనక్కర్లేదు’ అని జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టమని అడగండి, చాలు. మేనేజర్‌గారు మీటింగ్‌లో ఉంటారు.