మా పెంటకుప్పకు నోటీసు అంటించిన అయ్యగారికి

అయ్యా,

తమరి నోటీసు అందింది. మా గొడ్ల కొట్టం గుంజకు మైదా జిగురు దండిగా పూసి అంటించారు కాబట్టి సగం మా బర్రె నాకేసింది. మిగిలిన సగంలో మాకు అర్థమైంది ఇదీ: రోడ్డు పక్కనున్న పశువుల పెంటకుప్ప దుర్వాసన వెదజల్లుతూ ప్రజారోగ్యానికి భంగం కలిగిస్తున్నది కనుక వారం రోజుల్లో తొలగించవలెను, లేనిచో జరిమానా. కింద సంతకం, గుండ్రటి ముద్ర. ముద్ర ఎంత చక్కగా పడిందో! మా ఊళ్లో ఏ బిల్లు మీదా అది ఇంత స్పష్టంగా పడగా చూడలేదు.

తప్పకుండా తొలగిస్తాం. ఎక్కడికో మాత్రం కాగితంలో లేదు. బర్రె నాకిన సగంలో ఉందేమో.

తమరు మా మండలానికి రాకముందు, 2019లో, పల్లె ప్రగతి పథకం వచ్చింది. రాష్ట్రంలో 12 వేలకు పైగా పంచాయతీలు. ఊరూరికీ ట్రాక్టరు, నర్సరీ, వైకుంఠధామం, డంపింగ్ యార్డు, అందులో తడి చెత్తను ఎరువు చేసే షెడ్డు. మా షెడ్డు ఊరి చివర, అడవి శాఖ వాళ్లు తవ్విన కందకానికి ఇవతల ఉంది. పైన రేకులు, కింద సిమెంటు నేల, లోపల తొట్లు. ఒక తొట్టి మీద నీలం రంగుతో ‘వర్మీ కంపోస్టు’ అని రాసి ఉంది. అందులో ఒక్క వానపాము కూడా కాపురం పెట్టలేదు. తలుపుకు తాళం. తాళానికి తుప్పు.

చెవి సర్పంచ్ దగ్గరుంది అన్నారు. 2024 ఫిబ్రవరిలో ఆయన గడువు అయిపోయింది. ప్రత్యేకాధికారిని అడగమన్నారు. ఆయనకు మా ఊరు కాక ఇంకా చాలా ఊళ్లు, చాలా తాళాలు. కార్యదర్శిని అడుగుదామంటే బదిలీ అయిపోయాడు. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచ్ వచ్చాడు. నాకు వరసకు బావే. ‘నాకు అప్పగించిన సామాన్ల లిస్టులో ఆ చెవి లేదు బావా’ అన్నాడు. లిస్టు చూపించాడు కూడా. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బీరువా, ఒక జెండా కర్ర. చెవి లేదు.

ఇంతకీ ఆ వాసన ఎవరిది సారూ? మా బర్రెలదా? పేడకు అంత కంపు ఉండదు. మా ఇంట్లో ఆడవాళ్లు పొద్దున్నే దాంతోనే కళ్లాపి చల్లుతారు. పేడ, మూత్రం, మేత మిగులు ఒకదాని మీద ఒకటి పడి, పైన వాన దిగి, లోపలికి గాలి చొరక మురిగితే అప్పుడు వస్తుంది వాసన. ఆ ఘాటు మీ ముక్కుకు తగిలిందంటే అర్థం, మా మిరపకు పోవలసిన నత్రజని అమ్మోనియా అయి గాలిలో కలుస్తున్నదని. మీకు అది దుర్వాసన, మాకు నష్టం.

దీనికి మందు లేదా అంటే ఉంది. వందేళ్ల కిందట ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్ అనే వ్యవసాయ శాస్త్రవేత్త మన రైతుల పద్ధతులు చూసి రాసుకున్నాడు. మహారాష్ట్ర యవత్మాల్ వైపు రైతు పాంఢరీపాండే తన పూర్తి పేరులోని మొదటి అక్షరాలతోనే నాడెప్ అని పేరు పెట్టి తొట్టి కట్టాడు. పది అడుగుల పొడవు, ఆరు వెడల్పు, మూడు ఎత్తు. గాలి ఆడటానికి గోడలకు కంతలు. వంద కిలోల పేడ ఉంటే చాలు, మిగతాదంతా ఆకూ అలమూ మట్టీ. అదే తొట్టిలో మూడు నాలుగు నెలలకు రెండు మూడు టన్నుల ఎరువు. పేడ ఒక్కటే కుప్పపోస్తే మురుగుతుంది. వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, ఎండాకు కలపాలి, ఒక పాలు నత్రజనికి పాతిక ముప్పై పాళ్ల కర్బనం పడేటట్టు. గుప్పిట పడితే చేయి తడవాలి, పిండితే ధార కారకూడదు. అప్పుడప్పుడు తిరగెయ్యాలి. లోపల అరవై డిగ్రీల దాకా కాగుతుంది. కలుపు గింజలు, పురుగు గుడ్లు ఆ వేడికే చస్తాయి. చివరికి మిగిలేది తొలకరి మట్టి వాసన. వైరా కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను అడగండి, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల పిల్లలను అడగండి, ఇదే చెప్తారు. దీనికి కావలసినవి రెండే: వాన పడని కప్పు, నీళ్లు నిలవని నేల. ఆ రెండూ సర్కారు సొమ్ముతో కట్టే ఉన్నాయి. తాళం వేసి ఉన్నాయి!

ఎండాకు సంగతి చెప్పనే లేదు. చుట్టూ టేకు, బండారు, తునికి. ఊళ్లో రాలినదే బండ్లకొద్దీ. దాన్ని ఊడ్చి మీ ట్రాక్టరులో ఎక్కించి, ఆ షెడ్డు ముందే కుప్పపోసి అగ్గి పెడతారు. పొగకు నోటీసు లేదు.

ఎండాకాలం రాగానే మిరప చేలకు కోళ్ల ఎరువు లారీలు వస్తాయి. పట్టా కూడా కప్పరు. అవి పోయిన గంట దాకా అన్నం సహించదు. వాటికీ నోటీసు లేదు, లారీకి గుంజ ఉండదు కదా అంటించడానికి. భద్రాచలానికి రండి. చుట్టూ ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు 2014లో ఆంధ్రలో కలిసిపోయాయి, పట్నం చెత్త పోసుకోవడానికి జాగా లేకుండా పోయింది. రాముడి ఊరి చెత్త గోదావరి కరకట్ట పక్కకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన గోదావరికి ఎవరు నోటీసు ఇచ్చారు?

ఇక యూరియా. పోయిన వానాకాలం సొసైటీ ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టి నిలబడ్డాం. 266 రూపాయల 50 పైసల బస్తా కోసం రాత్రుళ్లు అక్కడే పడుకున్న ముసలివాళ్లు ఉన్నారు. పెంట వేస్తే యూరియా అక్కర్లేదని నేననను, అట్లా అనేవాళ్లు సేద్యం చేసినవాళ్లు కాదు. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. పశువుల ఎరువులో టన్నుకు 5 కిలోలు. అంటే నాలుగు టన్నులు తోలితే ఒక బస్తా. కానీ మా ఎర్ర చెలకల్లో వేసిన యూరియాను, పడిన వానను నిలబెట్టేది ఆ పెంటే. అదీ మాగిన పెంట. పచ్చిది తోలితే వేరుపురుగు, చెద, కలుపు కూడా వెంట వస్తాయి. అశ్వారావుపేట, దమ్మపేట ఆయిల్‌పామ్ రైతులను అడగండి, మొవ్వు తొలిచే కొమ్ము పురుగు ఎక్కడ పుడుతుందో. ఇట్లా అరకొరగా మురిగే కుప్పల్లోనే.

చర్ల దాటితే ఛత్తీస్‌గఢ్. అక్కడి సర్కారు 2020లో గోధన్ న్యాయ్ యోజన అని పెట్టి కిలో పేడ రెండు రూపాయలకు కొన్నది. అందులోనూ లొసుగులు ఉన్నాయి, సర్కారు మారాక అదీ మూలపడింది. మా పేడ కొనమని మేం అడగడం లేదు. ఫైను వేయొద్దంటున్నాం, అంతే.

అసలు కడుపు మండేది ఎక్కడో చెప్తాను. పోయిన ఏడు పంచాయతీ నర్సరీ కవర్లు నింపడానికి పెంట కావలసి వచ్చింది. ఇదే కుప్ప నుంచి, ఇదే రోడ్డు మీదుగా, మీ ట్రాక్టరులోనే తోలుకుపోయారు. అప్పుడు వాసన రాలేదు. ‘బిల్లు పెట్టాం పెద్దాయనా’ అన్నారు. ఇంకా పెట్టే ఉంది. ఆ బిల్లులో నా ఫైను పట్టుకుని మిగిలింది ఇవ్వండి, మహాప్రభో, ఇద్దరికీ లెక్క తేలిపోతుంది.

పోనీ, ఎగతాళి చాలు. అయ్యా, మా ఊరి మహిళా సంఘం వాళ్లు ఆ షెడ్డు నడుపుతామని ముందుకొచ్చారు. పేడ మేం తోలుతాం, ఆకు వాళ్లు ఊడుస్తారు. పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్లకు నెలనెలా జీతం అందిస్తే తిరగెయ్యడానికి వాళ్లూ చెయ్యేస్తారు, ఎండలో వట్టి చేతులతో చెత్త ఎత్తే మనుషులను జీతం లేకుండా ఇంకో పనికి పిలవడానికి మాకు నోరు రావడం లేదు. తయారైన ఎరువు ముందు మీ నర్సరీకే ఇస్తాం, పాత బాకీ అడగకుండా. చెవి దొరక్కపోతే తాళం పగలగొట్టడానికి ఒక్క ముక్క రాసివ్వండి. సుత్తి మాదే. మృగశిర దగ్గర పడింది, మొదటి పెద్దవాన పడితే కుప్పలో సారమంతా కాలువలోకి, కాలువలోంచి చెరువులోకి పోతుంది. తర్వాత మీరు చెవి పంపినా మాకు మిగిలేది చెత్తే. వానలోపు ఆ ఒక్క కాగితం ఇప్పించండి సారూ, దండం పెడతాను.

ఇట్లు,
నోటీసు అందుకున్న రైతు