కలివి కోడి విషయంలో వినకూడని సలహాలు

కలివి కోడి అనగానే కడప వైపు వాళ్లకు ముందు కలివి పండ్లే గుర్తొస్తాయి. ఆ ముళ్లపొదల మధ్య రాత్రిపూట తిరిగే పిట్ట ఇది. పేరుకే కోడి, జానెడుకు కాస్త పైన ఉంటుందంతే. ఎద మీద రెండు గోధుమరంగు పట్టీలు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల దగ్గర మళ్లీ దొరికింది. దీనిమీద ప్రేమతోనే చాలామంది సలహాలు చెబుతుంటారు. వాటిలో కొన్ని దాని ప్రాణం మీదికి తెచ్చేవి.

"మొక్కలు నాటండి." అన్నిటికన్నా ఎక్కువ వినిపించేదీ, నాకు ఎక్కువ భయం కలిగించేదీ ఇదే. కలివి కోడి ఎగరడం కన్నా పరుగెత్తడమే ఎక్కువ. పొదకూ పొదకూ మధ్య బోడినేల ఉంటేనే దానికి బతుకు. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలున్న చోట్లే దాని జాడలు ఎక్కువగా దొరికాయి. అంతకు మించి దట్టమైతే జాడలు తగ్గుతాయి. చిట్టడవిని చూసి "బంజరు" అనేసి గుంతలు తవ్వించి వరసగా మొక్కలు పెట్టించామంటే, పచ్చగా కనబడుతుంది గానీ పిట్టకు ఇల్లు పోతుంది.

"మేకల్ని అడవిలోకి రానివ్వొద్దు." సగమే నిజం. మరీ ఎక్కువగా మేపితే పొదలు మోడుబారతాయి. అసలు మేపకపోతే అల్లుకుపోయి నేల మూసుకుపోతుంది. ఎంత మేత, ఏ చోట అన్నది లెక్క చూసి తేల్చాలి. మేకల కాపరిని తరిమేస్తే ఆ అడవిని రోజూ చూసే కళ్లను కూడా పోగొట్టుకుంటాం.

"కాలువ వస్తే పిట్టలకూ నీళ్లొస్తాయిగా?" కాలువ తవ్వేటప్పుడు పొదలు పోతాయి, ఆ వెనకే అడవి పక్క నేల సాగులోకి వస్తుంది. అందుకే ఈ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్పించాల్సి వచ్చింది.

"ఫోన్లో కూత వినిపిస్తే అదే వస్తుంది." పొద్దుగుంకిన ముప్పావు గంటకు అది రెండు స్వరాలుగా కూస్తుంది, కొద్దిసేపే. ఆ కాసేపట్లో వచ్చినవాళ్లంతా ఫోన్లు మోగిస్తే, లేని పోటీ పిట్ట కోసం వెతుక్కుంటూ తిండి మానుకుంటుంది. పరిశోధకులు ఆ పద్ధతి వాడారు, కానీ కొలతగా, రాసిపెట్టుకుంటూ.

"పట్టి తెస్తే బహుమతి ఇవ్వండి." ఇది అస్సలు వద్దు. 1986లో ఐతన్న అనే పిట్టల వేటగాడు రాత్రిపూట వెలుతురు వేసి పట్టుకున్న పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది. ఆ ఒక్కదానితోనే జాతి బతికుందని లోకానికి తెలిసింది, నిజమే. ఇప్పుడు పట్టుకోకుండానే జాడ తెలుసుకోవచ్చు. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలుగా పరిచి, తెల్లారాక అడుగుల ముద్రలు చూస్తారు. కెమెరాలూ పెడతారు.

ఆ ముద్ర ఎలా ఉంటుందో తెలుసుకోండి. ముందుకు మూడు వేళ్లు, వెనక వేలు ఉండదు. చిట్టడవి దుమ్ములో అలాంటిది కనబడితే పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి, అటవీశాఖ వాళ్లకు చూపించండి. వేరే కొన్ని పిట్టలవీ ఇలాగే ఉండొచ్చు, తేల్చే పని వాళ్లది. ఆ అడుగుల వెంట మాత్రం నడవకండి.