అక్కడ టైమెంత?

2001లో నేను శాన్‌హోజేలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఉండేది మాత్రం అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక హాస్టల్లో, గదికి నలుగురం. పొద్దున జావా క్లాసు, సాయంత్రం ఇంటర్నెట్ కేఫ్. గంటకు 30 రూపాయలు. మోకాళ్లు పట్టని ప్లైవుడ్ గూళ్లు, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డులు. అరగంట రెజ్యూమెలు పంపడానికి, అరగంట యాహూ చాట్‌కి అని రోజూ లెక్క వేసుకునేవాణ్ని, రోజూ తప్పేవాణ్ని. డాట్‌కామ్ కంపెనీలు కూలి, అమెరికా వెళ్లినవాళ్లే పెట్టెలు సర్దుకుని వెనక్కొస్తున్నారు. సరిగ్గా అప్పుడు చూసి నేను చాట్ రూములో శాన్‌హోజే చేరాను.

అక్కడ ఎవరు తగిలినా మొదట అడిగేది వయసు, ఆడా మగా, ఏ ఊరు. మూడింట్లో రెండు నిజమే చెప్పేవాణ్ని. వైజాగ్ అమ్మాయినని చెప్పుకున్న ఒకావిడతో కొన్నాళ్లు కబుర్లు సాగాయి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. గోల్డెన్ గేట్ వంతెన మీద మంచు ఎలా కమ్ముకుంటుందో ఆవిడకి వర్ణించి చెప్పేవాణ్ని. కేఫ్ గోడకి అంటించిన పోస్టర్లో చూసిందే. ఒకరోజు ఆవిడ అడిగింది, "మీకక్కడ టైమెంత?" తలెత్తి గోడ గడియారం చూసి ఎనిమిదిన్నర అని కొట్టాను. "రాత్రా?" అంది. అవును, ఇప్పుడే భోంచేశానన్నాను.

ఆవిడ పేరు పక్కన పసుపుపచ్చగా నవ్వే బొమ్మ బూడిదరంగుకి తిరిగింది. మళ్లీ వెలగలేదు. వెలుగుతుందేమోనని ఎన్ని 30 రూపాయలు తగలేశానో. మెసెంజర్లో ఎదుటివాళ్లకి కనబడకుండా కూర్చునే వీలు కూడా ఉందని ఆలస్యంగా తెలిసింది.

యాహూ చాట్ రూములు 2012లో మూతపడ్డాయి, మెసెంజర్ 2018 జూలై 17న. నా బుద్ధి అక్కడే ఉంది.

ఇప్పుడు విజయవాడలో ఇంట్లో కూర్చుని నిజంగానే శాన్‌హోజే వాళ్లకి పనిచేస్తున్నాను. కాంట్రాక్టు మీద. మూడు నెలలకో ఆరు నెలలకో ఒక కాగితం, గంటకింత అని. పీఎఫ్ లేదు, సెలవు లేదు. సంక్రాంతికి పని చేస్తాను, అది వాళ్లకి పండగ కాదు గనక. నవంబరు నాలుగో గురువారం ఖాళీగా కూర్చుంటాను, థాంక్స్‌గివింగ్ వాళ్లకి పండగ గనక. టర్కీ కోడి వాళ్లు తింటారు, ఆ రోజు కూలి నాకు పోతుంది. ఇన్‌వాయిస్ పంపిన 60 రోజులకి డబ్బు పడుతుంది. ఇవన్నీ కాగితంలో ఉన్నవే, నేను చదవకుండా సంతకం పెట్టినవే. గంట రేటుని 160తో గుణించి అదే నా నెల జీతమనుకుని కారు కొన్నాను. బ్యాంకువాళ్లు నాకంటే తెలివైనవాళ్లు. ఇంటి లోనుకి వెళ్తే ఫారం 16 ఏదని అడిగి, మంచినీళ్లిచ్చి పంపించారు.

మా మాటలన్నీ స్లాక్ అనే చాట్ యాప్‌లో. అది నాకు పాత చుట్టంలాగే అనిపించింది. గది పేరు ముందు హ్యాష్ గుర్తు పెట్టడం ఫిన్లాండులో యార్కో ఓయికారినెన్ 1988లో మొదలుపెట్టిన ఐఆర్‌సీ చాట్ నాటి అలవాటే. పేరు పక్కన పచ్చ చుక్క ఉంటే మనిషి ఉన్నట్టు. కాసేపు కంప్యూటర్ ముట్టుకోకపోతే చుక్క డొల్లగా మారుతుంది. కిందటి కాంట్రాక్టు ఆఖరి రోజుల్లో పొడిగింపు మాట ఎవరూ ఎత్తకపోయేసరికి, ఇదంతా నా చుక్క ఆరిపోవడం వల్లేనని తోచింది. భోజనానికి లేచేముందు మా నాన్న హెచ్ఎంటీ వాచీని బల్ల మీద పెట్టి, దాని అద్దం మీద మౌస్ ఉంచేవాణ్ని. కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్ తనే కదిలాననుకుంటుంది. తెరమీద బాణం గుర్తు వెంట్రుకవాసి జరుగుతుంది. చుక్క పచ్చగా ఉంటుంది. (వాచీకి రోజూ కీ ఇవ్వాలి, మర్చిపోతే అంతే.)

ఓ మధ్యాహ్నం పప్పులో నెయ్యి వేస్తూ మా ఆవిడ అడిగింది.

"ఇప్పుడక్కడ టైమెంతండీ?"

లెక్కేశాను. అర్ధరాత్రి దాటి ఒకటిన్నర.

"మరి మీ మేనేజరు నిద్రపోతుంటాడుగా. ఎవరు చూస్తారని ఆ వాచీ?"

అన్నం కలుపుకున్నాను.

ఏటా మార్చి రెండో ఆదివారం అమెరికా వాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుతారు. మనకి రాత్రి 10:30కి ఉండే మీటింగు ఆ సోమవారం నుంచి 9:30కే. క్యాలెండర్ పెట్టుకున్నవాళ్లకి అదే సర్దుకుంటుంది. నేను ఫోన్లో అలారాన్ని నమ్ముకునే రకం. కిందటి కాంట్రాక్టులో ఆ సోమవారం మీటింగు నా పొడిగింపు గురించే. పదిన్నరకి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కెమెరా పెట్టాను. ఎవరూ లేరు. వస్తున్నావా అని అడిగి, పావుగంట చూసి, సరేలే అని వెళ్లిపోయినట్టు చాట్‌లో ఉంది. తర్వాత బడ్జెట్ లేదన్నారు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఇరవయ్యేళ్ల అనుభవం అని రెజ్యూమెలో రాసుకున్నవాడికి అక్కడ టైమెంతో తెలీదని వాళ్లకీ తెలిసిపోయింది. వైజాగ్ అమ్మాయి ఎప్పుడో కనిపెట్టేసింది.

ఇప్పుడు చేస్తున్న పని నవంబరు ఆఖరుతో సరి. జావా బ్యాకెండ్ పనులేవైనా మీ చెవిన పడితే చెప్పండి. రాత్రిళ్లు చేస్తాను. డబ్బు 30 రోజుల్లో ఇచ్చేవాళ్లయితే మరీ మంచిది.