అద్భుతం జరిగినవాళ్లకు కొన్ని తలకిందుల సలహాలు

ప్రార్థనలో స్వస్థత కలిగిందా? అప్పుడే సాక్ష్యం చెప్పకండి. విశ్వాసులకు ఈ మాట రుచించదని తెలుసు. మన కూటాల్లో నొప్పి తగ్గినట్టు అనిపించగానే చెయ్యెత్తాలి. మైకు వచ్చేస్తుంది. "పూర్తిగా పోయిందా అమ్మా, గట్టిగా చెప్పు" అంటారు, జనం స్తోత్రం అంటారు, రాత్రికల్లా వీడియో వాట్సాప్‌లో తిరుగుతుంది. మూడో రోజు నొప్పి తిరగబెడితే ఆ తల్లి ఎవరితో చెప్పుకోవాలి? విశ్వాసం చాలలేదంటారేమోనని నోరు మూసుకుంటుంది. అద్భుతాన్ని నమ్మేవాణ్ణి కాబట్టే ఇది నాకు కడుపు మండించే సంగతి.

ముందు డాక్టరుకు చూపించుకోండి. కుష్ఠరోగిని బాగుచేసిన యేసు ఎవరితోనూ చెప్పవద్దని, వెళ్లి యాజకుడికి కనబడమని పంపాడు. రోగం పోయిందని తేల్చే అధికారం ఆనాడు యాజకుడిది. ఈనాడు వరంగల్‌లో ఆ పని ఎంజీఎం ఆస్పత్రిలో జరుగుతుంది. ఓపీ చీటీ రాయించుకొని, లైన్లో నిలబడి, రక్తం ఇచ్చి రండి. దేవుడు చేసిన పని ల్యాబులో చెరిగిపోదు.

అంతవరకూ మందు ఆపకండి. ఇన్సులిన్ మీదే బతికే పిల్లాడికి అది ఆపితే కొద్దిరోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. టీబీ మందు మధ్యలో వదిలేస్తే రోగం మొండికేస్తుంది. మందు మానడం విశ్వాసానికి రుజువని ఎవరు చెప్పినా వినకండి, మీ పాస్టరుగారు చెప్పినా సరే.

ఆగి చూడటం మన తెలుగు సంఘాలకు కొత్త కాదు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. వాళ్లలో ఎందరో బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారో ప్రభువు కోసం వస్తున్నారో తేలాలన్నది ఆయన పట్టు. కరువు సాయం ముగిశాక, 1878 జూలై 3న, బోధకులు వంతులవారీగా గుండ్లకమ్మ నదిలో దిగి 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను అందరూ చెబుతారు. అంతకుముందు నెలల తరబడి ఆయన కాదన్న సంగతి ఎవరూ ఎత్తరు. నా లెక్కలో అదే పెద్ద విశ్వాసం.

2024 మేలో వరంగల్ దగ్గరి కరుణాపురంలో తెరిచిన క్రీస్తుజ్యోతి మందిరంలో వేలమంది ఒకేసారి ఆరాధించవచ్చు. అంతమంది గొంతు కలిపితే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, పులకరించాలి కూడా. కాని ఆ పులకరింతతో దేవుని శక్తిని కొలవకండి. ఏమీ అనిపించకుండా ఇంటికెళ్లినవాడి ప్రార్థనా ఆయన విన్నాడు.

బోధకుడి కాళ్లు పట్టుకోకండి. లుస్త్రలో పుట్టు కుంటివాడు లేచి నడవగానే జనం పౌలు బర్నబాలను దేవుళ్లనుకొని ఎడ్లతో, పూలదండలతో వస్తే, వాళ్లిద్దరూ బట్టలు చింపుకొని అడ్డుపడ్డారు. సన్మానం వద్దనని బోధకుడి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి.

రిపోర్టు వచ్చి, కొన్ని నెలలు గడిచాక తప్పకుండా సాక్ష్యం చెప్పండి. వాడిన మందు సంగతి కూడా దాచకుండా చెప్పండి. ఈలోగా మీ సంఘంలో ఇంకా మంచం దిగనివాళ్ల ఇంటికి అన్నం పట్టుకెళ్లండి. యాయీరు కూతురు బతికి లేచాక యేసు చెప్పింది ఆ పిల్లకు తినడానికి పెట్టమనే. వెళ్లినచోట "నాకు జరిగింది, నీకెందుకు జరగలేదు" అని మాత్రం దయచేసి అడగకండి.