ఆగ్రా చూసొచ్చాం అనిపించుకోవడం ఎలా?

సెలవులకు ఆగ్రా వెళ్దామనుకుంటున్నారా? శుభం. ముందు ముహూర్తం చూద్దాం. మే నెలను మించింది లేదు. పిల్లలకు సెలవులు, ఎండ 45 డిగ్రీలు. పాలరాయి మీంచి కొట్టే వెలుగుకి ఎవరూ కళ్లు తెరవలేరు కాబట్టి ఫోటోల్లో ఇంటిల్లిపాదీ ఒకేలా పడతారు. నవంబరులోనో ఫిబ్రవరిలోనో హాయిగా ఉంటుందని చెప్పేవాళ్ల మాట వినకండి. హాయే కావాలంటే ఇంట్లోనే ఉండొచ్చు కదా! వారాల్లో శుక్రవారం శ్రేష్ఠం. ఆ రోజు తాజ్‌మహల్‌కి సెలవు, క్యూ అసలుండదు.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ఏపీ ఎక్స్‌ప్రెస్ రెండూ ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతాయి. దిగకండి. దర్జాగా ఢిల్లీ దాకా వెళ్లి, అక్కడ ప్యాకేజీ కారు మాట్లాడుకుని 200 పైచిలుకు కిలోమీటర్లు వెనక్కి రండి. టూర్ అన్నాక ఆ మాత్రం ప్రయాణం లేకపోతే ఎట్లా?

శుక్రవారం కుదరనివాళ్లు మిట్టమధ్యాహ్నం వెళ్లండి. సూర్యోదయానికి అరగంట ముందే గేట్లు తీస్తారు నిజమే, కానీ హోటలువాడు ఉచితంగా పెట్టే టిఫిన్ వదులుకుని ఎవరైనా వెళ్తారా? పులిహోర డబ్బా, చేగోడీలు, కెమెరా స్టాండు అన్నీ ఒకే సంచీలో కుక్కి పట్టుకెళ్లండి. ఇవేవీ లోపలికి రానివ్వరు. తనిఖీ దగ్గర ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే వెనకాల నిలబడ్డవాళ్లకి మన వంట రుచి కాకపోయినా ఇంగువ ఘాటైనా తెలుస్తుంది. టికెట్టు మూడు గంటలే చెల్లుతుందని కంగారు పడకండి. మనకు ఇరవై నిమిషాలు చాలు.

ఆ ఇరవై నిమిషాల్లో పదిహేను 1992లో బ్రిటన్ యువరాణి డయానా కూర్చున్న పాలరాతి బెంచీ దగ్గర వంతు కోసం పోతాయి. మిగిలిన అయిదింటిలో గుమ్మటం కొనను రెండు వేళ్లతో పట్టుకున్నట్టు ఫోటో దిగాలి. ఇక ఎత్తైన ద్వారాల చుట్టూ నల్లరాతితో పొదిగిన అక్షరాలున్నాయే, వాటికేసి చూడకండి. షిరాజ్ నుంచి వచ్చిన అమానత్ ఖాన్ రాసిన ఖురాన్ వాక్యాలవి. కింద నుంచి చూసేవాడికి అన్నీ ఒకే పరిమాణంలో కనబడాలని, పైకి పోయేకొద్దీ అక్షరాల్ని పెద్దవి చేసుకుంటూ పోయాడాయన. నాలుగు వందల ఏళ్ల తర్వాత జనం వాటికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటారని పాపం ఆయనకెవరు చెప్పారు! లోపల ముంతాజ్ సమాధి గదికి సరిగ్గా నడుమన ఉంటుంది. షాజహాన్‌దే పక్కకు జరిగి ఉంది. అంత లెక్కప్రకారం కట్టిన కట్టడంలో లెక్క తప్పించినవాడు, కట్టించినవాడే. ఇలాంటివి పట్టించుకుంటే కారు డ్రైవరు హారన్ కొడతాడు.

గైడుని మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. షాజహాన్ కూలీల చేతులు నరికించిన కథ చెప్పేవాణ్ణే పెట్టుకోవాలి. అదే రోజుల్లో అదే చక్రవర్తికి ఢిల్లీలో ఎర్రకోట ఎవరు కట్టారని అడిగి అతన్ని ఇబ్బంది పెట్టకండి. యమున అవతల నల్ల తాజ్‌మహల్ పునాదులున్నాయన్నా తలూపండి. తవ్వి చూస్తే అక్కడ బయటపడింది తోట, నీటికొలను. ఆ తోటే మెహతాబ్ బాగ్. సాయంత్రం పూట తాజ్‌మహల్‌ని నది ఇవతల కన్నా అక్కణ్ణించి ప్రశాంతంగా చూడొచ్చు. తోపులాట లేని చోట చూస్తే ఏం చూసినట్టు?

నూర్జహాన్ తన తల్లిదండ్రుల కోసం, తాజ్‌మహల్‌కన్నా ముందే, తెల్లపాలరాతిలో కట్టించిన ఇత్మాదుద్దౌలా సమాధి కూడా వదిలేయండి. పేరే నోరు తిరగదు. ఊరికెళ్లి ఎవరికి చెప్పుకుంటాం? తిండి సంగతికొస్తే, ఆగ్రావాళ్లు పొద్దున్నే వేడివేడి బేడై పూరీ, దాని మీదికి జిలేబీ తింటారు. మీరు ఊరంతా తిరిగి ఇడ్లీ వెతకండి. దొరికాక, ఇడ్లీ బాగాలేదని ఊరిని తిట్టండి.

అదే రాత్రికి జైపూర్ చేరిపోవాలి. దారిలో ఫతేపూర్ సిక్రీ బోర్డు కనబడుతుంది, అది చాలు. హవామహల్‌ని కారు దిగకుండానే చూడొచ్చు. 953 కిటికీలు లెక్కపెట్టే పని లేదు, లోపలికి దారి వెనక వైపు నుంచని తెలుసుకునే పనీ లేదు. జంతర్‌మంతర్‌లో 27 మీటర్ల ఎత్తు నీడ గడియారం, సమ్రాట్ యంత్రం ముందు ఒక్క నిమిషం నిలబడితే నీడ ఆరు సెంటీమీటర్లు జరగడం కళ్లారా కనిపిస్తుంది. ఆ నిమిషం మనకెక్కడిది? ఆటోవాడు తీసుకెళ్లే "గవర్నమెంటు" దుప్పట్ల షాపులో రెండు గంటలు కూర్చోవాలి. అతని కమిషనూ అతనికి ముట్టాలి కదా. అలాంటి దుప్పటే మన శిల్పారామంలోనూ దొరుకుతుంది గానీ, ఇంత దూరం మోసుకొచ్చిన తృప్తి దానికి రాదు.

తిరిగొచ్చాక తాజ్‌మహల్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే "ఏముంది, ఫోటోలో ఉన్నట్టే ఉంది" అనండి. వచ్చే వేసవికి కాశ్మీర్ ప్యాకేజీ డబ్బు ఇప్పుడే కట్టేయండి, ముందుగా కట్టినవాళ్లకి తగ్గింపు ఉంటుంది.